వాలు సైకిలు: మార్పులూ, మెరుగులూ



సంత రోజున నాయ్‌గావ్ బజారులోంచి నేను సైకిలు మీద వెళుతుంటే పిల్లలు వెనకాల పరుగెత్తుకొస్తారు. కూరగాయలమ్మే పెద్దావిడ ఒకామె మొదటిసారి చూసి, "గురూజీ, గిది సైకిలా, మంచమా?" అని అడిగింది. ఆనాటి నుంచి దానికి ఊళ్ళో "మంచం సైకిలు" అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరులో తప్పేమీ లేదు. నడుం వాల్చి, కాళ్ళు ముందుకు చాపి, పడక కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని తొక్కే సైకిలు అది. దీన్ని వాలు సైకిలు అందాం.

నేను బడిలో లెక్కలు, సైన్సు చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నలభై దాటాక మామూలు సైకిలు మీద రోజూ వెళ్ళి రావడంతో నడుము నొప్పి, అరచేతుల తిమ్మిరి మొదలయ్యాయి. పాత ఇనుప సామాన్ల దుకాణం నుంచి ఒక పెద్ద సైకిలు, ఒక పిల్లల సైకిలు కొని, రెంటినీ కోయించి, అతికించి, ఈ బండి చేయించాను. చేయించడం తేలికే. దాన్ని బాగుచేసుకుంటూ రావడమే అసలు పని. ఈనాటి ప్రసంగం ఆ పని గురించి.

దీని గురించి మాట్లాడవలసి రావడానికి ఒక కారణం ఉంది. మా బడిలో పదో తరగతి చదివే ఒక అబ్బాయి నా బండి చూసి తానూ ఒకటి చేసుకుంటానని పట్టుబట్టాడు. వాళ్ళ నాన్న ఒకరోజు సాయంత్రం మా ఇంటికి వచ్చారు. "గురూజీ, మావాడు గూడ గసొంటి బండి చేసుకుంట అంటుండు. ఎక్కనియ్యాల్నా, వద్దా? మీరు చెప్పిన్రంటే సరే" అన్నారు. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో చివరికి మీకే తెలుస్తుంది.

ముందు బండి రూపం మీ మనసులో పడాలి. దివ్యాంగులకు ఇచ్చే చేతి పెడలు మూడు చక్రాల బండి మీరు చూసే ఉంటారు. కుర్చీ వంటి సీటు, దూరంగా పెడలు, అక్కడి నుంచి చక్రం దాకా పొడవాటి చైను. ఆ బండికి మూడు చక్రాల బదులు రెండే ఉంచి, చేతి పెడలును కాళ్ళ దగ్గరకు తెస్తే వాలు సైకిలు అవుతుంది. నా బండిలో 20 అంగుళాల చిన్న చక్రం అన్నిటికంటే ముందు ఉంటుంది. దాని వెనక పెడళ్ళు, ఆ వెనక సీటు, సీటు కిందుగా వెనక చక్రం.

ఇది కొత్త ఊహ కాదు. ఫ్రాన్సులో చార్లెస్ మోషే అనే ఆయన ఇటువంటి సైకిళ్ళు తయారుచేశారు. 1933 జూలై 7న పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే పందెగాడు మోషే బండి మీద ఒక గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి, 1914 నుంచి నిలిచి ఉన్న రికార్డును దాటేశాడు. ఆ పై ఏడాది, 1934లో, అంతర్జాతీయ సైకిలు సమాఖ్య నిబంధనలు మార్చి వాలు సైకిళ్ళను మామూలు పందాల నుంచి బయటికి పంపింది. అయినా ఆ బండ్లు ఆగలేదు. 2016లో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, చుట్టూ తొడుగు ఉన్న ఒక వాలు సైకిలు గంటకు 144 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. దానికి ఇంజను లేదు, మనిషి కాళ్ళే.

ఇంత వేగం ఎక్కడిది? గాలి వల్ల. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. మామూలు సైకిలు మీద గంటకు 20 కిలోమీటర్లు దాటితే మన శ్రమలో సగానికి పైగా గాలిని తోయడానికే పోతుంది. నడుం వాల్చి కూర్చుంటే గాలికి ఎదురయ్యే శరీరం తగ్గుతుంది. అదే శ్రమకు బండి ఎక్కువ వేగంతో పోతుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మామూలు సైకిలు మీద మన శరీరం ఎన్నో లోపాలను కప్పిపుచ్చుతుంది. గుంత వస్తే సీటు మీద నుంచి కొంచెం లేస్తాం. ఎత్తు వస్తే పెడళ్ళ మీద నిలబడి తొక్కుతాం. వెనక లారీ చప్పుడు వినిపిస్తే తల తిప్పి చూస్తాం. బ్రేకు పడకపోతే కాలు నేలకు ఆనిస్తాం. వాలు సైకిలు మీద ఇవేవీ చేయలేం. వీపు సీటుకు ఆని ఉంటుంది, కాళ్ళు ముందుకు చాపి ఉంటాయి. అంటే శరీరం మన్నించే తప్పులన్నీ ఇక బండే సరిదిద్దుకోవాలి. వాలు సైకిలుకు చేసే ప్రతి మార్పునూ ఈ ఒక్క మాటతో తూచి చూడండి. ఏది ముందు, ఏది తరువాత అనేది దానంతట అదే తేలుతుంది.

నాకు ఇది దెబ్బ తగిలాక గాని తెలియలేదు. బండి తయారైన కొత్తలో నా దృష్టంతా వేగం మీదే. ఒక చలికాలం ఉదయం, రాత్రి అకాల వర్షం పడి వెలిసింది. నర్సీ వైపు వెళుతూ ఒక కల్వర్టు దగ్గర దిగుడులో బండి జోరుగా పోతోంది. పక్క దారిలోంచి చెరకు బండి రోడ్డు మీదకు వచ్చింది. రెండు బ్రేకులూ పట్టాను. బండి వేగం తగ్గింది గాని ఆగలేదు. చేసేది లేక పక్కనున్న పత్తి చేలోకి తిప్పాను. నల్లరేగడి బురద నన్ను కాపాడింది. మోచేయి గీరుకుపోయింది, అంతే. బండి తోలే ఆయన ఎడ్లను ఆపి వచ్చి నన్ను లేపాడు. "దాని బ్రేకు చూసుకోండి, సార్" అని మరాఠీలో అన్నాడు. అంతకంటే మంచి సలహా నాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

తప్పు ఎక్కడుందో తరువాత తెలిసింది. మన పాత పెద్ద సైకిలు రిమ్ము అంచులు గుండ్రంగా ఉంటాయి. కడ్డీ బ్రేకు రబ్బరు ఆ రిమ్మును లోపలి వైపు నుంచి, ఇరుసుకు ఎదురుగా ఉండే ముఖం మీద నొక్కుతుంది. నేను కడ్డీలు తీసేసి తీగ బ్రేకు పెట్టించాను. తీగ బ్రేకు రబ్బర్లు రెండు పక్కల నుంచి నొక్కుతాయి. గుండ్రటి అంచు మీద వాటికి పట్టు దొరకదు. పైగా అది మెరుగు పెట్టిన ఇనుప రిమ్ము. తడిస్తే రబ్బరు జారిపోతుంది. కాబట్టి మొదటి మార్పు ఇదే. పక్క బ్రేకు కావాలంటే పక్కలు చదునుగా ఉన్న అల్యూమినియం రిమ్ము ఉండాలి. పాత రిమ్మే ఉంచుతామంటే దానికి పాత పద్ధతి బ్రేకే ఉంచండి. రెంటినీ కలపకండి.

నేను చేసిన పని చెబుతాను. పాత గేరు సైకిలు ఒకటి కొని, దాని వెనక భాగాన్ని, ఫోర్కు, బ్రేకు కాళ్ళతో సహా కోయించి నా బండికి అతికించాను. దాని 26 అంగుళాల చక్రం కూడా వాడుకున్నాను. దీనివల్ల మంచి రిమ్ము, బ్రేకు, గేర్లు మూడూ ఒకేసారి వచ్చాయి. పాత పెద్ద సైకిలు వెనక ఫోర్కు ఇరుకు. గేరు చక్రం ఇరుసు వెడల్పు. ఇరుకు ఫోర్కును గునపంతో విడదీసి చక్రాన్ని దూర్చేవాళ్ళను చూశాను. అలా చేస్తే చక్రం వంకరగా కూర్చుంటుంది. ఇంకొక జాగ్రత్త. కోసే ముందు ఆ సైకిలుకు అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే అది అల్యూమినియం కావచ్చు. అల్యూమినియాన్ని ఇనుముకు మన వెల్డింగు దుకాణాల్లో అతకడం కుదరదు.

బ్రేకు బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష చెబుతాను. పెన్సిలు తీసుకోండి. బడి మైదానంలో 50 మీటర్లు కొలిచి, రెండు చివరలా సున్నంతో గీతలు గీయండి. మొదటి గీత నుంచి రెండో గీతకు 9 సెకన్లలో చేరితే మీ వేగం గంటకు 20 కిలోమీటర్లు. రెండో గీత మీదకు రాగానే రెండు బ్రేకులూ పట్టండి. గీత దాటాక ఐదారు మీటర్లలో బండి ఆగాలి. పది దాటితే ఆ బండి రోడ్డెక్కకూడదు. గుర్తుంచుకోండి, వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. ముందు పొడి నేల మీద చేయండి. తరువాత రిమ్ముల మీద నీళ్ళు పోసి నెమ్మదిగా వెళుతూ మళ్ళీ చేయండి. పొడిగా ఉన్నప్పుడు పట్టే బ్రేకు తడిసినప్పుడు ఏ మాత్రం పడుతుందో మీ కళ్ళతో చూడాలి.

రెండవది, హ్యాండిలు. చక్రాన్ని వదిలేస్తే అదే నిటారుగా నిలవాలి. దీనికి కొలత ఉంది. హ్యాండిలు తిరిగే గొట్టానికి ఒక తిన్నని బద్దను ఆనించి, అదే వాలులో నేల దాకా పట్టుకోండి. అది నేలను తాకిన చోట గుర్తు పెట్టండి. తరువాత ముందు చక్రం ఇరుసు నుంచి దారానికి రాయి కట్టి వేలాడదీయండి. అది చూపిన చోట ఇంకో గుర్తు పెట్టండి. బద్ద గుర్తు ముందు, రాయి గుర్తు వెనక ఉండాలి. రెంటి మధ్య రెండు మూడు అంగుళాలు ఉంటే మంచిది. బద్ద గుర్తు వెనకపడితే హ్యాండిలు చేతిలోంచి మెలితిరిగిపోతుంది. మరీ ముందుకు పోతే నెమ్మదిగా వెళ్ళేటప్పుడు చక్రం ఒక పక్కకు వాలిపోతూ ఉంటుంది. ఫ్రేము పొడిగించినప్పుడు ఆ గొట్టం వాలు మారిపోతుంది కాబట్టి ఈ కొలత మరవకండి. ఇంకో మాట. ఇటువంటి పొడుగు బండిలో ముందు చక్రం మీద బరువు తక్కువ. మలుపులో ఇసుక ఉంటే జారుతుంది. అక్కడ తొక్కడం మాని మెల్లగా తిరగండి.

మూడవది, అతుకులు. సైకిలు గొట్టం పలచన. గేట్లకు, గ్రిల్లులకు అలవాటైన వెల్డింగు మంట దానికి చిల్లి పెడుతుంది. గొట్టానికి గొట్టం చివరలు ఆనించి అతికించకుండా, లోపల సరిపోయే ఇంకో గొట్టం ముక్క దూర్చి దాని మీద అతికించమనండి. నెలకొకసారి అతుకులు చూసుకోండి. గుడ్డ ముక్కను కిరసనాయిలులో తడిపి అతుకు మీద రుద్ది, పైన శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లండి. సన్నని పగులు ఉంటే లోపలికి పోయిన నూనె బయటికి వచ్చి సుద్ద మీద గీతలాగా కనిపిస్తుంది. తరగతి గదిలో సుద్దముక్కకు ఇన్ని ఉపయోగాలున్నాయని నాకే తెలియదు.

నాలుగవది, సీటు. నేను మొదట స్పాంజి సీటు పెట్టాను. మన నాందేడ్ జిల్లా ఎండల్లో పది నిమిషాలకే వీపు తడిసి ముద్దయ్యేది. తరువాత గొట్టాలతో చట్రం చేయించి, మంచానికి అల్లే నవారు అల్లించాను. గాలి ఆడుతుంది, కుదుపును కొంత తానే మింగుతుంది, సడలితే మళ్ళీ బిగించుకోవచ్చు. ఊరివాళ్ళు పెట్టిన పేరు అప్పుడు పూర్తిగా సార్థకమైంది. వీపు వాలు మొదట్లో నిటారుకు దగ్గరగా ఉంచండి. అలవాటైన కొద్దీ కొంచెం కొంచెం వాల్చండి. మొదటే బాగా వాల్చుకుంటే తూకం దొరకదు, రోడ్డు కనిపించదు. సీటు దూరం చూడడానికి, మడమను పెడలు మీద పెట్టి, పెడలును మీకు అందనంత దూరానికి తిప్పండి. అక్కడ కాలు తిన్నగా చాపితే సరిగ్గా అందాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు ముందుకూ వెనక్కూ జరిగేలా చట్రానికి అంగుళానికొక రంధ్రం వేయించండి. గతుకులకు మాత్రం వేరే మందు లేదు. లావు టైర్లు వేసుకోవడం, స్పీడు బ్రేకరు కనపడగానే నెమ్మదించడం, అంతే.

ఐదవది, చైను. ఇది లెక్కల మేష్టారుకు నచ్చే భాగం. చైనులో ఒక్కో లింకు అర అంగుళం. పెడళ్ళ ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా 48 అంగుళాలనుకోండి. పైన ఒక వరస, కింద ఒక వరస, మొత్తం 96 అంగుళాలు, అంటే 192 లింకులు. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు ఉంటే దానిలో సగం 22. వెనక 18 ఉంటే సగం 9. అన్నీ కలిపితే 223. చైను సరిసంఖ్యలోనే కలుస్తుంది కాబట్టి 224. మామూలు చైనుకు 112 లింకులుంటే, సరిగ్గా రెండు చైన్లు సరిపోతాయి. గేర్లు ఉంటే వెనక పెద్ద చక్రం పళ్ళతో లెక్కవేసి మరికొన్ని లింకులు కలపాలి. అప్పుడు మూడో చైను నుంచి చిన్న ముక్క తీసుకోవాలి. అరిగిన చైనునూ కొత్త చైనునూ కలపకండి. గేరు లేని సైకిలు చైను వెడల్పు, గేరు సైకిలు చైను సన్నం. ఆ రెంటినీ కూడా కలపకండి.

చైను సీటు కింద ఒరుసుకుంటే దాన్ని వంచడానికి ఒక చిన్న కప్పీ కావాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. తొక్కేటప్పుడు లాగేది పై వరసే. పెడలు మీద మనం వేసే బలం చైను దగ్గరకు వచ్చేసరికి దాదాపు రెట్టింపవుతుంది. 40 కిలోల బలంతో తొక్కితే చైను 75 కిలోలకు పైగా లాగుతుంది. కాబట్టి పై వరస కింద బేరింగు ఉన్న గట్టి కప్పీ ఉండాలి, చైనును ఎంత తక్కువ వంచితే అంత మంచిది. కింది వరస వట్టిదే. దానికి ప్లాస్టిక్ గొట్టం చాలు. ప్యాంటుకు గ్రీజు అంటకుండా కూడా ఉంటుంది.

ఆరవది, గేర్లు. ఇంతసేపూ ఆగింది దీనికోసమే కదా అని మీలో కుర్రవాళ్ళు అనుకుంటూ ఉంటారు. పాత పెద్ద సైకిలులో 44 పళ్ళు, 18 పళ్ళు ఉంటే పెడలు ఒక చుట్టుకు బండి సుమారు 5.4 మీటర్లు కదులుతుంది. ఎత్తులో నిలబడి తొక్కలేం కాబట్టి ఇది వాలు సైకిలుకు బరువు. ఖర్చు లేని ఉపాయం, వెనక 22 పళ్ళ ఫ్రీవీలు వేయడం. చుట్టుకు 4.4 మీటర్లే కదులుతుంది, తొక్కడానికి తేలిక. నా బండిలో ఇప్పుడు 26 అంగుళాల చక్రానికి 14 నుంచి 28 పళ్ళ దాకా ఉన్న గేర్లున్నాయి. చదునులో చుట్టుకు ఆరున్నర మీటర్లు, ఎత్తులో మూడుంబావు మీటర్లు. ఒక హెచ్చరిక. వీపు సీటుకు ఆని ఉండడంతో కాళ్ళతో మన బరువుకు మించి కూడా తన్నగలం. ఆ భారమంతా మోకాలి మీద పడుతుంది. బరువు గేరులో తన్నడం కంటే తేలిక గేరులో చకచకా తిప్పడం మేలు.

ఏడవది, కనిపించడం. మన తలలు జీపు బానెట్టు ఎత్తున ఉంటాయి. ఎడ్లబండి వెనక, చెరకు ట్రాలీ వెనక మనం ఉన్నట్టే తెలియదు. సన్నని వెదురు బద్దకు కాషాయమో, చిలకపచ్చో రంగు జెండా కట్టి మనిషి ఎత్తుకు పైన ఎగరేలా పెట్టండి. తల తిప్పలేం కాబట్టి రెండు వైపులా అద్దాలు తప్పనిసరి. రాత్రికి వెనక ఎర్ర దీపం, ముందు తెల్ల దీపం, గంట ఉండాలి. నర్సీ ఫాటా దగ్గర నాలుగు దారుల బండ్లూ కలుస్తాయి. అక్కడ నేను దిగి నడిపించుకుని దాటుతాను. అందులో చిన్నతనం లేదు.

చివరగా పద్ధతి. ఒకసారి ఒకే మార్పు చేయండి. చేసిన తరువాత వారం రోజులు తొక్కి, నోటు పుస్తకంలో రాసుకోండి. సీటు, హ్యాండిలు, గేరు మూడూ ఒకే ఆదివారం మార్చేస్తే, సోమవారం మోకాలు నొప్పి పెడితే కారణం ఏదో మీకు తెలియదు. ప్రయోగశాలలో పిల్లలకు చెప్పే సూత్రం ఇదే, ఇంట్లో మనం మరిచిపోయేదీ ఇదే.

ఇక ఆ తండ్రి అడిగిన ప్రశ్న. నా వేగం చూసి అబ్బాయి ముచ్చటపడ్డాడు, నేను చేలో పడ్డ సంగతి వాడికి తెలియదు. అందుకే వెంటనే సరేననలేకపోయాను. మరునాడు ఇద్దరినీ పిలిచి పత్తి చేను కథంతా చెప్పాను. "బండి చేసుకోనివ్వండి, కాని సున్నం గీత పరీక్ష నెగ్గేదాకా మైదానం గేటు దాటనివ్వకండి" అన్నాను. అబ్బాయి బండి నాలుగు సార్లు పరీక్ష తప్పింది. ప్రతిసారీ వాడే రబ్బర్లు మార్చాడు, తీగ బిగించాడు, చివరికి రిమ్మే మార్చాడు. ఐదోసారి, గీత దాటి ఐదు మీటర్లలో ఆగాడు. వాళ్ళ నాన్న అడుగులు వేసి తానే కొలుచుకున్నారు. ఆ తరువాత నావైపు చూసి, "ఇగ పోనిస్త, గురూజీ" అన్నారు.

మీలో ఎవరైనా ఇటువంటి బండి చేసుకుంటే, వేగం సంగతి తరువాత చూసుకోవచ్చు. ముందు ఆ సున్నం గీత గీయండి.